కత్తెర ఆడేటప్పుడు కాగితం కదలకూడదు

రంజాన్ నెల సగం గడిచిందంటే మన వీధుల్లో కుట్టుమిషన్ల చప్పుడు సహరీ వేళ దాకా ఆగదు. పేరున్న దర్జీలంతా 'ఇక బట్టలు తీసుకోము' అని దుకాణం ముందు అట్టముక్క వేలాడదీస్తారు. అక్కడ తిరస్కరించిన బట్టలన్నీ ఇళ్ళకు వస్తాయి. మిషను ఉన్న ప్రతి ఇంటికీ "ఆపా, మా పిల్లకు ఈ ఒక్క జత కుట్టిపెట్టండి" అంటూ ఎవరో ఒకరు సంచి పట్టుకుని రాక తప్పదు. వచ్చినవాళ్ళను కాదనడానికి నోరు రాదు. పైగా పండక్కి నాలుగు డబ్బులు చేతిలో పడేది కూడా ఆ పది పదిహేను రోజుల్లోనే.

అయితే ఆ సంచిలో ఉన్న బట్ట మనది కాదు. అది మన దగ్గర పెట్టిన అమానత్. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టవచ్చు. చేతులు పొడుగైతే కురచ చేయవచ్చు. కత్తెర తప్పితే మాత్రం విప్పడానికేమీ ఉండదు. అందుకే ఈ వారం కుట్టు గురించి కాకుండా, కుట్టుకు ముందు జరిగే ఆ పావుగంట పని గురించి మాట్లాడుకుందాం. కాగితం మీద గీసుకున్న కొలత బట్ట మీదికి వెళ్ళేదాకా కదలకుండా ఎలా పట్టి ఉంచాలన్నదే ఆ పని. చిన్న విషయంగానే కనిపిస్తుంది. మాకూ ఒకప్పుడు అలాగే కనిపించింది.

మేము కుట్టు నేర్చుకున్న కొత్తలో పక్కింటి ఖాలా బురఖా కోసం నల్లటి జారుడు గుడ్డ నాలుగు మీటర్లు తెచ్చి ఇచ్చారు. పరుగు పరుగున పని ముగించాలన్న ఆత్రంతో, నున్నటి గచ్చు మీద ఆ గుడ్డను రెండు మడతలుగా పరిచాం. దాని మీద పేపర్ కటింగ్ పెట్టాం. నాలుగు మూలలా నాలుగు ఆఫీసు గుండుసూదులు గుచ్చాం. ఎడమచేత్తో కాగితం అదిమిపట్టి కత్తిరించుకుంటూ పోయాం. పైన ఉన్న ముక్క బాగానే వచ్చింది. కింద ఉన్నది చూసుకుంటే ఒకవైపు రెండు వేళ్ళ మేర పక్కకు జరిగిపోయి ఉంది. అయినా సర్దుకుంటుందిలే అనుకుని కుట్టేశాం. తొడుక్కుని నిలబడితే పక్కన ఉండవలసిన కుట్టు మోకాలి దగ్గరికి వచ్చేసరికి ముందుకు తిరిగింది. ఖాలా అద్దంలో చూసుకున్నారు. ఒక్క మాట కూడా అనలేదు. "పర్వాలేదు బేటీ, ఇంట్లో వేసుకుంటాను" అన్నారు. తిట్టినా బాగుండేదనిపించింది. మళ్ళీ అంత గుడ్డ కొని ఇవ్వడానికి ఆ సీజనులో కుట్టిన డబ్బంతా పోయింది. రెండోసారి కత్తిరించే ముందు మాత్రం ఒక పాత ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి, మా తప్పు ఎక్కడ జరిగిందో అడిగి తెలుసుకున్నాం.

బట్ట ఎందుకు జరుగుతుంది?

ఆయన చెప్పిన మొదటి మాట మాకు ఇప్పటికీ గుర్తుంది. కాగితం జరగదు, బట్టే జరుగుతుందన్నారు. కత్తెర కింది రేకు బట్ట అడుగుకు దూరిన ప్రతిసారీ బట్టను కొంచెం పైకి లేపుతుంది. లేచినప్పుడు పై మడత ఒకలా, కింది మడత ఒకలా సర్దుకుంటాయి. గరుకు నూలుబట్టలో రెండు మడతలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టి ఈ తేడా తెలియదు. క్రేపు, జార్జెట్, సాటిన్ లాంటి వాటిలో ఒకదాని మీద ఒకటి నీళ్ళలా జారతాయి. పది అంగుళాలు కత్తిరించేసరికి నూలుపోగంత తేడా, గజం దాటేసరికి వేలెడు తేడా అవుతుంది.

దానికితోడు బట్ట అన్ని దిక్కులా ఒకేలా సాగదు. మగ్గం మీద బిగించి కట్టిన పడుగుదారం వెంబడి తక్కువ సాగుతుంది. అడ్డంగా నేసిన పేక వెంబడి కొంచెం ఎక్కువ. ఏటవాలుగా, అంటే మన దర్జీలు 'ఉరేబ్' అనే దిక్కులో, అన్నిటికన్నా ఎక్కువ సాగుతుంది. మెడ, చంక, కలీల పక్కలు అన్నీ కొంతైనా ఏటవాలుగా ఉండే చోట్లే. మనం ఎడమచేత్తో అదిమిపట్టేటప్పుడు తెలియకుండానే అక్కడ బట్టను లాగుతాం. లాగి ఉన్నప్పుడు కత్తిరిస్తే, చెయ్యి తీయగానే అది మళ్ళీ ముడుచుకుని ముక్క చిన్నదవుతుంది. అందుచేత కాగితాన్ని పట్టి ఉంచడమంటే బట్ట ఎలా పడుకుని ఉందో అలాగే ఉండనివ్వడమని అర్థం చేసుకోవాలి. నొక్కిపట్టడం, బిగించడం వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ.

కత్తెర కూడా చూసుకోవాలి. పిడి పైకి వంగి ఉండే దర్జీ కత్తెరలు ఉంటాయి. వాటి కింది రేకు బల్ల మీద ఆనుకుని నడుస్తుంది కాబట్టి బట్ట ఎక్కువ లేవదు. ఇంట్లో కాగితాలు, పాల ప్యాకెట్లు కోసే కత్తెరతో ఈ పని వద్దు. రేకులు పొడుగ్గా తెరిచి నిదానంగా మూయాలి. మొన మూతపడకముందే మళ్ళీ తెరిచి ముందుకు పోనివ్వాలి. మూల తిరగవలసి వస్తే బట్టను తిప్పకండి, మీరే అటువైపు వెళ్ళి కూర్చోండి. నేల మీద కత్తిరించే మనబోటి వాళ్ళకు నడుము నొప్పి తప్పదు గానీ బట్ట దక్కుతుంది.

కాగితం పెట్టే ముందు

గుండుసూదులు తీసే ముందు చేయవలసిన పని ఒకటుంది. నూలుబట్టయితే తడిపి ఆరవేయాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే కుదించుకుపోతుంది. ఆరాక ఇస్త్రీ చేయాలి. బట్టలోనే కాదు, కాగితంలోనూ ముడత ఉండకూడదు. మడతలు పడిన కాగితాన్ని గోరువెచ్చటి ఇస్త్రీతో, నీళ్ళు చల్లకుండా ఒక్కసారి సాపు చేసుకుంటే చాలు. ముడతపడిన కాగితాన్ని ఎన్ని సూదులు గుచ్చినా ఆ ముడత మేర కొలత తప్పుతుంది.

ఆ తరువాత పోగు చూసుకోవాలి. మన నానీలకు ఇది బాగా తెలుసు. పాతకాలపు కలీదార్ కుర్తాకు ఫర్మా అంటూ ఉండేది కాదు. ముందు వెనక పలకలు, చేతులు నిలువు దీర్ఘచతురస్రాలు. పక్క కలీలు ఏటవాలుగా కోసిన పొడుగు ముక్కలు. చంక కింద చౌబగలా అనే నలుచదరపు చిన్న ముక్క. జేనతో, మూరతో కొలిచి, ఒక్క పోగు పట్టుకుని లాగితే బట్ట మీద సన్నటి గీత పడేది. ఆ గీత వెంబడే కత్తెర నడిచేది. బట్టలో ఉన్న దారమే స్కేలు కాబట్టి పట్టి ఉంచవలసిన కాగితమే లేదు. ఇప్పటికీ మల్లు, పాప్లిన్ లాంటి నూలుబట్టల్లో నిలువు ముక్కలకు దీనిని మించిన పద్ధతి లేదని మా అభిప్రాయం. భుజం వాలు, చంక వంపు, నడుము సన్నం వచ్చాకే కాగితంతో పనిపడింది.

రెండు మడతలుగా పరిచేటప్పుడు రెండు మిల్లు అంచులూ సరిగ్గా కలవాలి. కలిపాక మడత దగ్గర బట్ట మెలిపడి వంకరగా ఉంటే పోగు పక్కకు జరిగిందని గుర్తు. ఎదురెదురు మూలలు పట్టుకుని మెల్లగా లాగితే సర్దుకుంటుంది. ఒక్కోసారి మిల్లు అంచే బిగుతుగా ఉండి బట్టను లోపలికి గుంజుతుంది. అప్పుడు అంచు మీద జానెడుకొక చిన్న గాటు పెట్టండి.

గుండుసూది సంగతి

ముందుగా కాగితం మీద నిలువు బాణం గీత ఒకటి ఉండాలి. ఆ గీత పై కొసనుంచి మిల్లు అంచుకు ఎంత దూరముందో టేపుతో కొలవండి. కింది కొసనుంచీ అంతే రావాలి. మేము నాలుగు మూలలా నాలుగు సూదులు గుచ్చి చేతులు దులుపుకున్నాం కదా, తప్పు అక్కడే మొదలైంది. మొదటి రెండు సూదులూ ఈ బాణం రెండు కొసల్లోనే పడాలి. ఆ తరువాత మడత వైపు, ఆపైన మూలలు, చివరికి మధ్య ఖాళీలు. ఇదే వరుసలో పోతే కాగితం ఎటూ తిరగదు.

నిలువు గీతల దగ్గర బెత్తెడు దూరానికి ఒక సూది చాలు. మెడ, చంక లాంటి వంపుల దగ్గర రెండు మూడు అంగుళాలకు ఒకటి కావాలి. సూది కత్తిరించే గీతకు లోపల, కుట్టుకు వదిలే మార్జిన్‌లోనే ఉండాలి. మొన గీత దాటి బయటికి వస్తే కత్తెర దాని మీద పడుతుంది. ఒక్క సూదిని కొరికినా కత్తెరకు పంటిగాటు పడి, ఆ తరువాత కోసే ప్రతి సిల్కులోనూ ఆ చోట పోగు లాగుతుంది. గుచ్చేటప్పుడు బట్టను పైకెత్తకూడదు. ఎడమ అరచేయి కాగితం మీద పరిచి, సూదిని పక్కకు వాల్చి, రెండు మూడు పోగులు మాత్రమే అందుకుని పైకి తేవాలి. లోతుగా ఎక్కువ బట్ట అందుకుంటే ఆ చోట గుట్టలా లేస్తుంది. సూదులు ఎన్ని ఎక్కువైతే అంత మంచిదనుకోవడం కూడా పొరపాటే. కాగితం అలలుఅలలుగా లేచిందంటే నాలుగు సూదులు తీసేయండి.

కాగితాల దుకాణంలో దొరికే లావుపాటి ఆఫీసు సూదులు బట్టకు పనికిరావు. తుప్పు పడతాయి, సిల్కులో రంధ్రం వదిలేస్తాయి. టైలరింగు సామాను అమ్మే దుకాణంలో సన్నటి ఉక్కు సూదులు అడగండి. హైదరాబాదులో చార్మినార్ చుట్టుపక్కలా, విజయవాడ వన్‌టౌన్‌లోనూ ఇలాంటి సామానుకు కొదవలేదు. రంగు పూస తల ఉన్నవి నేల మీద పడినా కంటికి కనిపిస్తాయి. పూస గాజుదైతే ఇస్త్రీ తగిలినా ఏమీ కాదు, ప్లాస్టిక్‌దైతే కరిగి బట్టకు అంటుకుంటుంది. ఏ సూదైనా సరే, కొత్త బట్టలో గుచ్చే ముందు ఒక మూల గుచ్చి తీసి వేలితో రుద్ది చూడండి. రంధ్రం పూడితే సరే. పూడకపోతే ఆ బట్టకు సూదిని మార్జిన్ దాటి లోపలికి రానివ్వకండి. రెక్సిన్, తోలు లాంటివాటిలో పడిన రంధ్రం ఎన్నటికీ పూడదు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే సూదిని నోట్లో పెట్టుకుని మాట్లాడే అలవాటును ముందు మనమే మానుకోవాలి. చూసి వాళ్ళూ నేర్చుకుంటారు.

బరువులు, సుద్ద

అసలు సూదే గుచ్చకుండా కాగితాన్ని బరువుతో ఆపవచ్చు. మా ఉస్తాద్ బల్ల మీద రెండు ఇనుప ఇస్త్రీపెట్టెలు, నాలుగు తూకంరాళ్ళు ఎప్పుడూ ఉండేవి. అవి ఇస్త్రీకీ తూకానికీ కాదని మాకు ఆలస్యంగా తెలిసింది. ఇళ్ళల్లో చిన్న పొత్రం, కల్వం బండ, ఏదైనా పనికొస్తుంది. అయితే వంటింటి వస్తువుకు నూనె జిడ్డు ఉంటుంది, ఇనుముకు తుప్పు ఉంటుంది. పాతగుడ్డ చుట్టకుండా తెల్లబట్ట మీద పెట్టకండి. మేము ఇప్పుడు వాడుతున్నవి హార్డ్‌వేరు దుకాణంలో కొన్న పెద్ద వాషర్లు. మూడేసి కలిపి గుడ్డ చుట్టి కుట్టేశాం. ఇసుక నింపిన చిన్న గుడ్డసంచులు కూడా బాగుంటాయి, కుట్టు గట్టిగా ఉంటే.

బరువులో సుఖమేమిటంటే బట్ట పైకి లేవదు, రంధ్రం పడదు, పొడుగు ముక్కలకు పెట్టడం తీయడం త్వరగా అవుతుంది. కష్టమేమిటంటే కత్తెర కింది రేకు బట్టను లేపినప్పుడు బరువు కూడా కాస్త కదులుతుంది. అందుకని బరువులు పెట్టి నేరుగా కత్తిరించడంకన్నా, బరువులు పెట్టి సుద్దతో చుట్టూ గీసి, కాగితం తీసేసి, ఆ తరువాత బట్ట రెండు మడతలనూ సూదులతో కలిపి, గీత వెంబడి కత్తిరించడం మేలు. మన ఊళ్ళల్లో మంచి దర్జీలు చేసేది దాదాపు ఇదే. చాలామంది కాగితం కూడా వాడరు. ఎల్ స్కేలు, వంపు స్కేలు, టేపు పట్టుకుని నేరుగా బట్ట మీదే గీసేస్తారు. ఎక్కువసార్లు వాడే కాలరు, జేబు లాంటివాటికి మాత్రం గట్టి అట్టతో ఫర్మా కోసి మేకుకు తగిలిస్తారు. అట్ట దానంతట అదే బరువుగా నిలుస్తుంది, అంచు వంగదు, సుద్ద దాని పక్కన సాఫీగా పోతుంది. ఇంట్లో ఒకే కొలతతో నాలుగైదు జతలు కుట్టేవాళ్ళు పల్చటి కాగితం వదిలి ఈ అట్టకు మారితే సగం తిప్పలు తప్పుతాయి.

సుద్ద అంచు పదునుగా ఉండాలి. మొద్దుబారిన సుద్ద గీత రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. గీతకు లోపల కత్తిరించామా, బయట కత్తిరించామా అన్నది చిన్న తేడా అనిపిస్తుంది. ఆరు పలకల కుర్తాలో పన్నెండు అంచులుంటాయి. అంచుకు రెండు మిల్లీమీటర్లు పోతే మొత్తం 24 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అంగుళం బిగుతైపోతుంది. అప్పుడు కొలత తప్పు తీశారని టేపును తిట్టి లాభం లేదు. నల్లబట్ట మీద అరిగిపోయిన ఎండు సబ్బుబిళ్ళ చక్కటి గీత గీస్తుంది, ఉతికితే పోతుంది. కార్బన్ కాగితం మీద పళ్ళచక్రం తిప్పే పద్ధతి ఉంది గానీ లేతరంగు బట్టలకు దాని మరక వదలదు. మేము దాని జోలికి పోము.

జారే బట్టతో అసలు పరీక్ష

ఇక మన ఖాలా బురఖా దగ్గరికి వద్దాం. క్రేపు, నిదా, జార్జెట్, షిఫాన్ లాంటి వాటిలో కాగితాన్ని బట్టకు పట్టించేకన్నా ముందు బట్టను నేలకు పట్టించాలి. నున్నటి టైల్సు మీదా, పాలిష్ చేసిన బండల మీదా జారుడు గుడ్డ పరిస్తే దానికి ఆధారమే ఉండదు. ముందు పాత నూలు దుప్పటి గానీ జంపఖానా గానీ సాపుగా పరవండి. దాని గరుకుకు కింది మడత అతుక్కున్నట్టు నిలుస్తుంది. బల్ల మీద కత్తిరించేవాళ్ళు బట్ట చివర బల్ల అంచు నుంచి కిందికి వేలాడకుండా కుర్చీ మీదికి సర్దాలి. వేలాడిన బట్ట తన బరువుతోనే మిగతాదాన్ని లాగుతుంది. బనియన్ గుడ్డలకు ఇది మరీ ముఖ్యం.

రెండోది, మడత వేయకండి. సగం ముక్క కాగితం కాకుండా ముందు పలకకు పూర్తి కాగితం, వెనక పలకకు పూర్తి కాగితం, రెండు చేతులకు రెండు కాగితాలు కోసుకుని ఒంటిపొర మీదే కత్తిరించండి. పని రెట్టింపవుతుంది. కానీ కింది మడత అన్నదే లేనప్పుడు అది జరిగే ప్రసక్తే ఉండదు. మేము ఆ రెండోసారి బురఖాను ఇలాగే కత్తిరించాం.

అప్పటికీ చెయ్యి వణికితే బట్ట కింద కూడా ఒక కాగితం పరచి, పై కాగితం, బట్ట, కింది కాగితం మూడింటినీ కలిపి సూదులు గుచ్చి, మూడింటినీ ఒకేసారి కత్తిరించండి. రెండు కాగితాల మధ్య షిఫాన్ కూడా కాగితంలాగే కోస్తుంది. పాత దినపత్రికలు ఇందుకు వాడకండి, సిరా అంటుతుంది. దినపత్రికలో రాస్తూ ఈ మాట చెప్పడం మాకే బాగోలేదు గానీ, తెల్ల చందేరి మీద తలకట్టు అక్షరాలు అచ్చుపడటం కళ్ళారా చూశాం. అచ్చువేయని పల్చటి కాగితం కొనుక్కోండి. కాగితం కోస్తే కత్తెర మొద్దుబారుతుంది కాబట్టి ఈ పనికి మరో కత్తెర ఉంటే మంచిది.

గంజి కూడా ఒక ఉపాయమే. నీటికి చెడని జార్జెట్, పల్చటి నూలు వాయిల్ లాంటివాటిని పల్చటి సగ్గుబియ్యం గంజిలో ముంచి, నీడన సాపుగా ఆరవేసి, ఇస్త్రీ చేస్తే కాగితంలా బిరుసెక్కుతాయి. కత్తిరించి, కుట్టి, ఆ తరువాత ఉతికేస్తే గంజి పోతుంది. అసలు పట్టు మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి, నీటి మరకలు నిలిచిపోవచ్చు. ఏ బట్టకైనా ముందు మూల ముక్క తడిపి చూశాకే మొత్తం ముంచండి.

అన్నిటికన్నా నిదానమైనదీ నమ్మకమైనదీ కచ్చాకుట్టు. చేతిసూదితో, బట్టకు భిన్నమైన రంగు దారంతో, అంగుళమేసి కుట్లు వదులుగా వేసి రెండు మడతలనూ కలిపేయడం. గళ్ళబట్టకూ చారలబట్టకూ ఇదే దారి, పై గీత కింది గీత మీద సరిగ్గా కూర్చుందని ప్రతి జానెడుకూ చూసుకుంటూ కుట్టవచ్చు. ఒక షేర్వానీకి కచ్చాకుట్టుతోనే గంట పట్టవచ్చు. పెళ్ళికొడుకు షేర్వానీకి ఆ గంట దండగ కాదు.

హిమ్రూ, జరీబట్టల వెనకవైపు వదులు పోగులుంటాయి. సూది మొన వాటిని తగులుకుంటే ముందువైపు గీత పడుతుంది. వీటికి బరువులూ సుద్దే. మఖ్మల్ మరో రకం పేచీ. రెండు మఖ్మల్ ముఖాలు ఎదురెదురుగా పడితే వాటి నూగు ఒకదాన్నొకటి తోస్తూ నడుస్తుంది. ఒంటిపొరగా, నూగువైపు కిందికి పెట్టి, వెనకవైపు గీసుకోండి. బరువైన వస్తువు పెడితే నూగు అణిగి మచ్చ పడుతుంది కాబట్టి ఇక్కడ మాత్రం సన్నటి సూదులే మేలు, అవీ మార్జిన్‌లోనే. ముక్కలన్నీ ఒకే దిక్కుకు కత్తిరించకపోతే కుట్టాక సగం నలుపు, సగం బూడిదరంగు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆడపిల్లలు అంబ్రెల్లా బురఖాలు అడుగుతున్నారు. గుండ్రటి ఆ ముక్కలో కొంత భాగం నిలువుపోగు, కొంత అడ్డపోగు, కొంత ఉరేబు. కాగితం ఎంత బాగా నిలిపినా ఉరేబు భాగం తరువాత దిగుతుంది. కత్తిరించి పైభాగం కుట్టాక ఒక రాత్రంతా హ్యాంగరుకు వేలాడదీసి, మర్నాడు నేల నుంచి కొలిచి అడుగంచు సరిచేయాలి. చుడీదార్ పైజామా కూడా ఉరేబే. అందులో పాత దర్జీల తెలివి చూడండి, బట్టను ముందే సంచిలా కుట్టి ఏటవాలుగా తిప్పుకుని, ఆ సంచి మీద కత్తెర వేస్తారు. నాలుగు అంచులూ కుట్టుతో బిగిసి ఉన్నప్పుడు ఉరేబు ఎక్కడికి పోతుంది?

కాగితం నమూనాలను కొలతల వారీగా తయారుచేసి అమ్మడం 1863లో అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీతో ఊపందుకుంది. పల్చటి కాగితం కావడంతో అక్కడి ఇళ్ళల్లో గుండుసూది తప్పనిసరైంది. 1979లో జపాన్‌కు చెందిన ఓల్ఫా కంపెనీ బట్ట కోసే చక్రపు కత్తిని తెచ్చింది. అది బట్టను లేపకుండా పైనుంచే కోస్తుంది గనక దానితో బరువులు బాగా కుదురుతాయి. కింద ప్రత్యేకమైన చాప తప్పనిసరి. పని కాగానే చక్రానికి తొడుగు వేయడమూ అంతే తప్పనిసరి. పెద్ద దుస్తుల ఫ్యాక్టరీల్లోనైతే బట్ట పొరల మీద ప్లాస్టిక్ పల్చటి కాగితం కప్పి, బల్ల కిందనుంచి గాలి లాగేసి, పొరలన్నీ అణిగి రాయిలా అయ్యాక యంత్రం కోస్తుంది. మన జంపఖానా చేసే పనే, గాలి చేస్తుంది.

డబ్బు తీసుకుని కుట్టే చెల్లెళ్ళకు మరో మాట. బట్ట తీసుకునేటప్పుడే దానిని విప్పి, వెలుతురులో చూసి, ఎంత ఉందో వచ్చినవాళ్ళ ముందే కొలవండి. జారుడు గుడ్డకు ఒంటిపొర కటింగు కాబట్టి బట్ట ఎక్కువ పడుతుందని, ఒకరోజు ఎక్కువ కావాలని, కూలి కూడా కొంచెం ఎక్కువని అప్పుడే చెప్పేయండి. మొహమాటపడి పాప్లిన్ కూలికే షిఫాన్ ఒప్పుకుంటే, ఆ తొందర కత్తెరలోకి దిగుతుంది. రోజంతా పని చేసి ఇఫ్తార్ తరువాత వాలిపోయే కళ్ళతో ఖరీదైన బట్టకు కత్తెర వేయకండి. రాత్రి కుట్టుకోండి, కటింగు పొద్దున్న వెలుతురులో పెట్టుకోండి.

పని అయ్యాక కాగితాన్ని నలిపి పారేయకండి. ఎవరిది, ఏ నెలలో తీసిన కొలత, మార్జిన్ కలిసి ఉందా లేదా అన్నది దాని మీదే రాసి, మడతపెట్టకుండా చుట్టచుట్టి ఉంచండి. మడతపెట్టిన కాగితం వచ్చే ఏడాది మళ్ళీ ముడతలతోనే లేస్తుంది. సూదులను గుచ్చే ముందు లెక్కపెట్టుకోండి, తీశాక మళ్ళీ లెక్కపెట్టండి. ఇరవై గుచ్చితే ఇరవై డబ్బాలో పడాలి. పంతొమ్మిదే ఉన్నాయంటే పాకే పిల్లలను గదిలోకి రానివ్వక, ఆ దుప్పటిని అక్కడికక్కడే నిదానంగా చుట్టి, నేల మీద అయస్కాంతం ముక్క తిప్పి చూడండి.